ఆ ఎర్ర చుక్క ఎవరు పీకేశారు?

పొద్దున పదకొండింటికి డెమో అన్నారు. ఫ్యాక్టరీ లెక్కలన్నీ నడిపే కొత్త సాఫ్ట్‌వేర్, ఈఆర్‌పీలో, సేల్స్ ఆర్డర్ స్క్రీన్ చూపిస్తామన్నారు. చూశాను. 'మార్కెట్' అనే గడి పక్కన ఉండాల్సిన ఎర్ర చుక్క లేదు.

అంతే, జరిగింది అంతే. ఇంతోటి దానికి ఈ గోలేంటి అనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోయి హాయిగా పని చూసుకోండి. ఎగుమతి సైకిళ్ల ఫ్యాక్టరీలో ఒక్క ఏడాదైనా పనిచేసినవాళ్లు మాత్రం ఉండండి. మీకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ఎర్ర చుక్క ఉంటే ఆ గడి నింపేదాకా ఆర్డర్ సేవ్ కాదు. లేకపోతే నింపితే నింపు, లేకుంటే పో. ఎందుకు తీశారయ్యా అని అడిగితే కన్సల్టెంట్ కుర్రాడు ఎంతో వినయంగా, "సేల్స్ వాళ్లకి క్లిక్‌లు ఎక్కువవుతున్నాయట సార్, యూజర్ ఎక్స్‌పీరియన్స్ కోసం తీశాం" అన్నాడు. ఎన్ని క్లిక్‌లు బాబూ? ఒకటి. డ్రాప్‌డౌన్ తెరిచి దేశం పేరు మీద నొక్కడం. పాపం, వాళ్ల వేళ్లు అరిగిపోతున్నాయి. కింద లైన్ మీద రోజంతా బ్రేక్ కేబుళ్లు లాగి బిగించేవాడి వేళ్లు మాత్రం ఉక్కుతో పోతపోసినవి.

ఆ గడి విలువేంటో తెలియనివాళ్లకి చెబుతాను. సైకిల్ అమెరికాకు వెళ్తోందనుకోండి. ఎడమ చేతి లీవర్ ముందు బ్రేక్ పట్టాలి, కుడి చేతిది వెనక బ్రేక్. ఇది మా ఇష్టాయిష్టాల సంగతి కాదు, అక్కడి ఫెడరల్ నిబంధనల్లో 1512వ భాగంలో రాసిపెట్టి ఉంది. అదే సైకిల్ బ్రిటన్‌కు వెళ్తే మొత్తం తిరగబడుతుంది. కుడి చేయి ముందు బ్రేక్. పైగా 2010 నాటి వాళ్ల నిబంధనల ప్రకారం అమ్మేటప్పుడు బెల్ ఉండి తీరాలి. అమెరికా వాళ్లు బెల్ అడగరు గానీ రిఫ్లెక్టర్ల దగ్గర ప్రాణం తీస్తారు. ముందు తెల్లది, వెనక ఎర్రది, పెడళ్లకి వేరే, చక్రాలకి వేరే. సైకిళ్ల భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4210 కూడా ఇదే మాటంటుంది: అమ్మే దేశం చట్టాన్ని, అలవాటును బట్టి లీవర్లు పెట్టండి, ఏది ఏ బ్రేక్‌ను పడుతుందో మాన్యువల్‌లో రాయండి అని. అంటే అదే ఫ్రేమ్, అదే రంగు, అవే గేర్లు, కానీ మార్కెట్ మారితే కేబుల్ పొడవులు, బెల్, రిఫ్లెక్టర్లు, మాన్యువల్, డబ్బా మీద అచ్చు అన్నీ మారిపోతాయి. ఏ బీఓఎమ్, అంటే ఏ విడిభాగాల జాబితా, తీయాలో సిస్టమ్‌కి తెలిసేది ఆ ఒక్క గడిలోంచే.

గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. సిస్టమ్ నోరు మూసుకుని డీఫాల్ట్ బీఓఎమ్ తీసుకుంటుంది. పచ్చ టిక్కు పడుతుంది. సేల్స్ వాళ్లు చప్పట్లు కొడతారు.

ఇంకో ముక్క చెప్పి తీరాలి. ఈ సాఫ్ట్‌వేర్ మాకంటే ముందు ఏదో మందుల కంపెనీలో పెట్టారు. ఆ టెంప్లేట్ తెచ్చి మా నెత్తిన బోర్లించారు. దానివల్ల మా సైకిల్ సీటుకి ఎక్స్‌పైరీ డేట్ తప్పనిసరి. అవును, సీటుకే. దాని పక్కన మాత్రం ఎర్ర చుక్క నిక్షేపంగా ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మేం 31-12-9999 అని కొడుతున్నాం. అప్పటిదాకా మా సీట్లు వాడుకోవచ్చు, భయం లేదు. దేశం పేరు లేకుండా సైకిల్ వెళ్లిపోవచ్చు గానీ, సీటు ఎప్పుడు పాడవుతుందో చెప్పకుండా గుమ్మం దాటకూడదు. దీన్ని బెస్ట్ ప్రాక్టీస్ అంటారట. ఎవరికి బెస్టో!

స్పోకుల సంగతి కూడా చెప్పేస్తాను, కడుపులో దాచుకుంటే అల్సర్ వచ్చేలా ఉంది. స్పోకులు గ్రోసుల్లో కొంటాం. గ్రోసు అంటే పన్నెండు డజన్లు, 144. మా మోడల్‌లో చక్రానికి 36, సైకిల్‌కి 72. కానీ అన్నీ ఒకే పొడవు ఉండవు. వెనక చక్రంలో గేర్లకి చోటివ్వడానికి ఆ పక్క హబ్ అంచు లోపలికి జరిగి ఉంటుంది, అందుకని ఆ పక్క స్పోకులు కాస్త పొట్టి. కాబట్టి ముందుకి 36, వెనక కుడికి 18, ఎడమకి 18, మూడు వేర్వేరు ఐటమ్‌లు. గ్రోసుల్లో రాస్తే 0.25, 0.125, 0.125. మనవాడు గ్రోసు యూనిట్‌కి దశాంశ స్థానాలు సున్నా పెట్టాడు. పావు గ్రోసు అని కొడితే సిస్టమ్ సవరించి 0 చేసి దాచుకుంది. మూడు లైన్లూ సున్నాలే. ఏ సరుకు ఎంత కొనాలో లెక్కగట్టే ఎమ్‌ఆర్‌పీ నడిపితే రిమ్‌లు కొనమంది, హబ్‌లు కొనమంది, స్పోకుల్ని రిమ్‌కి బిగించే నిపుల్స్ కూడా కొనమంది, ఒక్క స్పోకు కొనమనలేదు. దాని లెక్కలో మా రిమ్‌లు హబ్ చుట్టూ గ్రహాల్లాగా గాల్లో తిరుగుతాయి కాబోలు.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "గ్రోస్ అంటే గ్రాస్ వెయిట్ అనుకున్నాను సార్."

స్టాక్ యూనిట్ నంబర్లలో, కొనుగోలు యూనిట్ గ్రోసుల్లో, మధ్యన 144 అనే మారకం. ఇంతే కదా పని! పావుగంటలో అయిపోయేది. దానికి మూడు వారాలు, రెండు మీటింగులు, ఒక చేంజ్ రిక్వెస్ట్, దాని మీద నా సంతకం. బిల్లు కూడా మాకే. వాడి తప్పు దిద్దినందుకు వాడికే కూలి!

సరే, వాడు పిల్లాడు, పెద్ద టీమ్ చూసుకుంటుందిలే అనుకున్నాను. పెద్ద టీమ్ ఏం చేసిందంటే డేటా క్లెన్సింగ్ చేసింది. మురికి వదిలించారు. '26 అంగుళాల టైర్' రెండుసార్లు ఉందని ఒకదాన్ని కొట్టేశారు. అయ్యా, 26×1.75 టైర్ కూర్చునే రిమ్ 559 మిల్లీమీటర్లు. 26×1 3/8 కూర్చునేది 590. పేరు ఒకటే, తేడా 31 మిల్లీమీటర్లు. చిన్నదాన్ని పెద్ద రిమ్‌కి ఎక్కించమనండి, ఆ పెద్ద టీమ్ అంతా కలిసి లాగినా ఎక్కదు. ఇంకా విచిత్రం వినండి. 29 అంగుళాలు, 700సి అనే రెంటికీ ఏ సంబంధమూ లేదని తేల్చి వేర్వేరు కుటుంబాల్లో పడేశారు. ఆ రెండింటి రిమ్ కొలతా 622! వేరేవాటిని కలిపారు, కలిసినవాటిని విడదీశారు. టైర్ గోడ మీద ఐఎస్‌ఓ 5775 పద్ధతిలో 47-559 అనో 37-590 అనో, ముందు టైర్ వెడల్పు, తర్వాత రిమ్ కొలత, స్పష్టంగా అచ్చేసి ఉంటుంది. స్టోర్‌లోకి దిగి, నడుం వంచి, చదివితే చాలు. దిగరు. ఏసీ గదిలోంచి స్టోర్‌కి ఇరవై అడుగులు కూడా ఉండదు.

పెడళ్ల గురించి ఒక్క ముక్క. 'పెడల్, సంఖ్య 2' అని పెట్టారు. ఎడమ పెడల్‌కి మర తిరుగుడు ఎడమవైపు ఉంటుందని చెప్పాను. "రెండూ పెడళ్లే కదా సార్" అన్నారు. నిజమే. రెండూ ఎడమవే వచ్చినా సిస్టమ్ తృప్తిగా పచ్చ టిక్కు పెడుతుంది.

ఎగుమతి కాగితాల జోలికి వెళ్తే ఈ పోస్ట్ తెల్లారిపోతుంది, కాబట్టి ఒక్కటే. ఐటమ్ పేరుకి 40 అక్షరాలే ఇచ్చారు. ఎల్‌సీ, అంటే కొనుగోలుదారు బ్యాంక్ ఇచ్చే చెల్లింపు హామీ, మీద వెళ్లే సరుకులో బ్యాంక్ చూసేది కాగితాలు, సైకిళ్లు కాదు. ఇన్వాయిస్‌లోని సరుకు వర్ణన ఎల్‌సీలో రాసినదానికి సరిపోవాలని ఎల్‌సీల అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600లో 18వ ఆర్టికల్ చెబుతోంది. మా ఇన్వాయిస్ 'అల్లాయ్ ఫ్రే' దగ్గర ఊపిరి వదిలేస్తుంది. ఫ్రేమ్ అని పూర్తిగా అనడానికి కూడా చోటు లేదు. దానికి పరిష్కారం ఏమిటట? ప్రింట్ తీశాక చేత్తో దిద్దుకోండి అన్నారు. కోట్లు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌కి చివర్లో పెన్ను కావాలి! విడి భాగాలుగా పంపే సెట్‌లదీ ఇదే వరస. విప్పి డబ్బాలో పెట్టినా పూర్తి సైకిల్ సెట్ అయితే అది సైకిళ్ల కస్టమ్స్ కోడ్ 8712 కిందే వస్తుందిరా నాయనా, ప్రతి ముక్కకీ వేరే హెచ్‌ఎస్ కోడ్ ప్రింట్ చేయకు అని ఎన్నిసార్లు చెప్పానో! మా షిప్పింగ్ గుమస్తా ఇప్పటికీ పాత ఎక్సెల్‌లోనే ప్యాకింగ్ లిస్ట్ చేస్తాడు, ఎవరూ చూడకుండా. ఎక్సెల్ అంటే వీళ్లకి అంటరాని వస్తువు కదా. 'లెగసీ' అని ముఖం చిట్లిస్తారు. మాస్టర్ డేటా మొత్తం మా చేత నింపించింది మాత్రం ఎక్సెల్‌లోనే!

అసలు మంట చెప్పనా? స్పోకులూ కాదు, టైర్లూ కాదు.

ఆ ఎర్ర చుక్క నాకు ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట, పాత సిస్టమ్‌లో కూడా మార్కెట్ గడి ఇలాగే ఉత్తుత్తి గడి. తప్పనిసరి చేయండని మూడుసార్లు మెయిల్ పెట్టాను. మూడింటికీ 'నోటెడ్' అని జవాబు. తర్వాత ఒక ఆర్డర్ వచ్చింది. సేల్స్ వాళ్లు గడి ఖాళీగా వదిలేశారు. డీఫాల్ట్ బీఓఎమ్ దిగింది. జాబ్ కార్డ్ మీద ఏముంటే లైన్ అదే బిగించింది, దాని తప్పేముంది? కంటైనర్ ఎక్కించే రోజు కొనుగోలుదారు తరఫు ఇన్‌స్పెక్టర్ ఒక డబ్బా తెరిపించి, సైకిల్ నిలబెట్టి, కుడి లీవర్ నొక్కాడు. ముందు చక్రం ఆగింది. ఆ సరుకు వెళ్లాల్సింది అమెరికాకి.

మూడొందల పైచిలుకు డబ్బాలు. అన్నీ కోయాలి, కేబుళ్లు పీకాలి, కొత్త పొడవు కోయాలి, వేయాలి, బిగించాలి, మళ్లీ పరీక్షించాలి, మాన్యువల్‌లు మార్చాలి, కొత్త డబ్బాల్లో పెట్టాలి. నాలుగు రాత్రులు. వైర్ బ్రేకులు కాబట్టి బతికిపోయాం, అవే హైడ్రాలిక్ అయితే గొట్టాలు విప్పి, నూనె నింపి, గాలి తీసి... తలుచుకుంటేనే వణుకు. ఆ నాలుగు రాత్రులూ లైన్ మీద నేనున్నాను, ఫిట్టర్లున్నారు. సేల్స్ వాళ్లు లేరు. ఐటీ వాళ్లు 'స్టేటస్ ప్లీజ్' అని మెసేజ్‌లు పెట్టారు.

ఐదో రోజు రివ్యూ మీటింగ్. గోడ మీద స్లైడ్. మూల కారణం: హ్యూమన్ ఎర్రర్. ఆ మాట కింద ఒకే ఒక్క పేరు. నాది. జాబ్ కార్డ్ మీద సంతకం పెట్టింది నేనట. ఖాళీ వదిలిన మహానుభావుడి పేరు లేదు, మూడు మెయిళ్లకి నోటెడ్ అన్నవాడి పేరు లేదు. నేను నోరు విప్పబోతే, "ఇది ఎవర్నీ వేలెత్తి చూపడానికి కాదు, నేర్చుకోవడానికి" అన్నారు. వేలు ఎత్తలేదు నిజమే. లేజర్ పాయింటర్ పెట్టారు.

ఆ మీటింగ్ తర్వాతే ఎర్ర చుక్క పెట్టారు. నేనడిగినందుకు కాదు, కొనుగోలుదారు కట్టించుకున్న జరిమానా చూసి.

ఇప్పుడొచ్చిన కన్సల్టెంట్లు మొదటి రోజు మా అందరికీ ఒక పరిచయ ప్రెజెంటేషన్ ఇచ్చారు. కొత్త సిస్టమ్ ఎందుకు అవసరం అని. అందులో ఆ స్లైడ్ పెట్టారు. పేరు కూడా తీయలేదు. ఆ కుర్రాడికి పాపం పేర్లు తెలియవు, నా వైపే తిరిగి, నవ్వుతూ, "మీ దగ్గర ఇలాంటి హ్యూమన్ ఎర్రర్లు జరుగుతుంటాయట కదా సార్, ఇక ఉండవు, అన్నీ ఆటోమేటిక్" అన్నాడు. గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. ఒకాయన దగ్గాడు.

ఇప్పుడు ఆ కుర్రాడే చుక్క తీశాడు.

నేను డెమోలో లేచి అడిగాను. మా పైఆయన, "దాని గురించి ఆఫ్‌లైన్ మాట్లాడదాం" అన్నాడు. ఆఫ్‌లైన్ అంటే ఎక్కడో, ఎప్పుడో, పన్నెండేళ్లుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు. ఇకనుంచి మార్కెట్ గడి ఖాళీ ఉంటే లైన్ వాళ్లే ఫోన్ చేసి కనుక్కోవాలట. ఫోన్ చేయడానికి ఎన్ని క్లిక్‌లో ఎవరూ లెక్కపెట్టరు లెండి, అవి మా క్లిక్‌లు. స్లైడ్ సంగతి కూడా అడిగాను, ఎలాగూ పరువు పోయింది కదా అని. కనీసం నా పేరైనా తీయండి అన్నాను. ఆ ఫైల్ ఇప్పుడు ట్రైనింగ్ మెటీరియల్‌లో భాగమట, మార్చాలంటే అప్రూవల్ కావాలట. చుక్క తీయడానికి ఏ అప్రూవలూ అక్కర్లేకపోయింది.

సాయంత్రం కూర్చుని ఈ వారం ఆర్డర్లన్నీ తిరగేశాను. 4 ఆర్డర్లలో మార్కెట్ గడి ఖాళీ. ఫోన్లు చేసి కనుక్కున్నాను, ఒకాయన ఎత్తలేదు. డబ్బా అట్టలు కత్తిరించి, లావు మార్కర్‌తో 'కుడి చేయి - ముందు' అని రెండింటికి, 'ఎడమ చేయి - ముందు' అని ఒకదానికి రాసి, కేబుల్ తీగతో ట్రాలీలకి కట్టొచ్చాను. నాలుగోదానికి 'బిగించొద్దు' అని రాశాను. ఆడిట్ వాళ్లు చూస్తే అన్‌కంట్రోల్డ్ డాక్యుమెంట్, ఆమోదం లేని కాగితం, అంటారు. అననివ్వండి, ఈసారి సంతకం కూడా పెట్టాను.