చట్టికి కుదురు, పిలకాయకి ఒడి

నెల్లూరోళ్లకి కారులో భద్రత తెలీదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అనుమానమున్నవాళ్లు మా ఇంటినుంచి బొమ్మిడాయిల పులుసు ఒంగోలు ప్రయాణమయ్యే రోజున వచ్చి చూడొచ్చు. అక్కడ మా వియ్యపురాలికి ఆ పులుసంటే ప్రాణం.

పులుసు ముందురోజు రాత్రే కాస్తారు, ఊరాలి గదా. తెల్లారి మట్టిచట్టికి మూతపెట్టి, పైన తడిగుడ్డతో వాసెన కడతారు. కారులో దాని స్థానం వెనక సీటు ముందర, కాళ్లు పెట్టుకునే పల్లంలో. అంతకంటే కుదురైన చోటు బండిలో ఇంకోటి లేదని మా ఆవిడ ఏ ఇంజనీరింగూ చదవకుండానే కనిపెట్టింది. చట్టి కింద పాతచీరతో చుట్టకుదురు. చుట్టూ దిండ్లు. అవీ చాలక ఇటో పాదం, అటో పాదం అడ్డం పెట్టి తను కూర్చుంటుంది. పెన్నా వంతెన మీద జాయింటు వచ్చినప్పుడల్లా "నిదానం, నిదానం" అని వెనకనుంచి కేక. కోవూరు దాటేదాకా బండిలో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు.

మొన్న ఉగాదికి ఇదంతా జరిగినప్పుడు, అదే కారులో, తొమ్మిది నెలల మా మనవడు ఎక్కడున్నాడయ్యా అంటే, ముందుసీట్లో నా తొడలమీద నిలబడి డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి పీకుతా ఉండాడు. వాడికి కుదురూ లేదు, దిండూ లేదు. నూట ఇరవై కిలోమీటర్లు వాడికున్న ఆధారమల్లా నా రెండు చేతులు. అందులో ఒకటి ఫోన్లో ఉంది.

అందుకని నా డిమాండు చిన్నది. ఈ జిల్లాలో పిలకాయలకి చేపల పులుసుతో సమాన హోదా ఇవ్వాలి. అంతకుమించి అడిగితే అత్యాశ.

చట్టం మాత్రం మనకంటే ముందే కళ్లు తెరిచింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 194బి అని ఒక సెక్షను చేర్చారు. పద్నాలుగేళ్లు నిండని పిలకాయకి బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. బంపరుకి నిమ్మకాయా, మిరపకాయలూ కట్టకపోతే జరిమానా వేసే సెక్షను ఎక్కడా లేదు. అయినా అవి లేని బండి మా వీధిలో లేదు.

రోహిణి కార్తెలో మా అమ్మాయీ అల్లుడుగారూ బెంగుళూరు నుంచి ఆ సీటు పట్టుకొచ్చారు. రెండ్రోజులు హాల్లో దర్జాగా ఉంది. వాడు అందులో కూర్చుని అన్నం తిన్నాడు, ఇంటికొచ్చినవాళ్లంతా ధర అడిగి నిట్టూర్చారు. మూడోరోజు మళ్లీ పులుసుతో ఒంగోలు ప్రయాణం. సీటుని కారులోకి ఎక్కిస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పిలకాయని కుర్చీకేసి కట్టేస్తారంటనా? వాడేమన్నా దొంగతనం చేసుండాడా? నా ఒళ్లో కంటేనా!" అంది.

ఒడి మీద నాకూ భక్తి ఉంది. లెక్కే దానికి అడ్డం వస్తా ఉంది. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. పదికిలోల పిలకాయ ఆ క్షణంలో నూట నలభై కిలోల బరువంత బలంతో ముందుకు లాగుతాడు. పాతికకిలోల బియ్యం బస్తా దించడానికి మా ఆవిడ పక్కింటి కుర్రాణ్ణి పిలుస్తుంది. ఇవి ఐదున్నర బస్తాలు. పైగా పక్కింటి కుర్రాణ్ణి కేకేసే టైము ఉండదు.

ఇక ముందుసీటు సంగతి. ఉగాదినాడు నేను విలాసంగా కూర్చున్న చోటికి ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంది. అది రెప్పపాటులో పేలి ఉబ్బుతుంది. మధ్యలో పిలకాయ ఉంటే మొదటి దెబ్బ వాడికే. వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటుని దాని ముందర అసలు బిగించకూడదు.

అవును, వెనక్కి తిరిగే. మా ఆవిడ రెండో అభ్యంతరం ఇదే: "మొగం డిక్కీవైపు తిప్పితే వాడికి రోడ్డెట్టా కనపడద్దీ?" రోడ్డు డ్రైవరుకి కనపడితే చాలని అల్లుడుగారు నసిగారు. ఆ వయసులో తల పెద్దది, మెడ ఎముకలు ఇంకా లేతవి. బండి ఠక్కున ఆగితే సీటు వీపే తలనీ, మెడనీ, వెన్నునీ కలిపి పట్టుకుంటుంది.

మా బండి పాతది. కొత్త కార్లలో సీటు సందుల్లో ఇనప కొంకీలుంటాయి, వాటికి తగిలిస్తే టక్కుమంటుంది. మాకు ఆ భాగ్యం లేదు గనక అల్లుడుగారు బెల్టుతోనే కుస్తీ పట్టారు. పుస్తకం చూసి, బెల్టు మెలిపడకుండా సీటులో దానికున్న దారిలో దూర్చి, మోకాలితో సీటుని అదిమి, మిగిలిన వదులంతా లాగేశారు. చెమటకి చొక్కా అతుక్కుపోయింది. వీధిలో నలుగురు చేరి తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన "కొంచెం లూజుగా వదలండి, పిలకాయకి గాలాడాలి" అన్నాడు. గాలికీ బెల్టుకీ సంబంధమేందో ఆయన్నే అడగాలి.

వాణ్ణి కూర్చోబెట్టేముందు బకిల్ తాకి చూశారు, ఆ ఎండకి అట్లకాడలా కాలింది. తడిగుడ్డతో చల్లార్చారు. పట్టీలు భుజాల ఎత్తులో, లేదా కొంచెం కిందనుంచి రావాలట. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండువేళ్లతో గిల్లి చూశారు. మడత చేతికి రాకూడదు. వాడికేమో ఇదంతా ఆటలాగుంది, నవ్వుతా ఉండాడు.

చివర్లో, బెల్టు దూరినచోట సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపారు. అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్లీ మొదటినుంచీ బిగించాలట. కదల్లేదు.

మా ఆవిడ ఇదంతా కళ్లార్పకుండా చూస్తా ఉంది. మాట్లాడకుండా అవతలి తలుపు తీసి, కుదురుమీదున్న చట్టిని రెండుచేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపింది. తర్వాత అమ్మాయివైపు తిరిగింది.

"చట్టి రెండంగుళాలు కదలతా ఉండాది. మీ ఆయన్ని ఒకసారి ఈ పక్కకి రమ్మను."