మహారాజశ్రీ డీఏపీ బస్తా గారికి

మహారాజశ్రీ డీఏపీ ఎరువు బస్తా గారి సముఖమునకు, నల్లమడ డ్రెయిను పక్క పొలం నుంచి నమస్కరించి రాయునది. మీరు గోడౌన్లో క్షేమమని తలుస్తాను. ఇక్కడ డ్రెయినుకు మాత్రం ఊపిరాడడం లేదు.

మీ హోదా మాకు తెలియనిది కాదు. 50 కిలోల ఒళ్లు, 1,350 రూపాయల ధర, నెత్తిన 18-46-0 అనే బిరుదు, అంటే నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు ఫాస్ఫేటు. తొలకరి పడీపడకముందే ఆధార్ కార్డులు పట్టుకుని మీకోసం వరసలో నిలబడతాం. కొట్టాయన "డీఏపీ కావాలంటే ఈ సీసా కూడా తీసుకోవాలి" అంటే, అందులో ఏముందో కూడా అడక్కుండా కొనేస్తాం.

ఎకరాకి మీరెంత కావాలో తేల్చేది పక్క మడి. వాళ్లు ఒక బస్తా వేశారంటే మనం ఒకటిన్నర వేయాల్సిందే, లేకపోతే పరువేం కాను? 2015లో మొదలైన భూసార కార్డులు మా ఊరికీ వచ్చాయి. చాలా ఇళ్లలో అవి పాసుపుస్తకంతోపాటు బీరువాలో భద్రంగా ఉన్నాయి. అందులో భాస్వరం ఎదురుగా "ఎక్కువ" అని ఉంటే మావాళ్లకు భలే సంతోషం. బలం ఎక్కువైతే ఎవరికి చేదు?

వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నదొకటే: వరికి భాస్వరమంతా ఆఖరి దమ్ములోనే వేయండి, పైపాటుగా వద్దు. సరేనని తలూపి వచ్చి, నాట్లేసిన నెలకి మిమ్మల్నో, మీ తమ్ముడు 28-28 ఎరువునో యూరియాతో కలిపి పైన చల్లుతాం. మీలోని భాస్వరం నేలలో కదిలే రకం కాదు, పైపైనే ఉండిపోతుంది. పైరు మాత్రం నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది. అది నత్రజని చలవ, పేరు మీది. మొదటి పంటకు అందే భాస్వరం ఐదో వంతు అటూ ఇటూ. మిగతాదాంట్లో చాలావరకు మా నల్లరేగడిలోని సున్నం పట్టి కూర్చుంటుంది. పైగా మీరు మితిమీరితే వరికి జింకు అందదు. ఆకు మీద తుప్పు మచ్చలు కనపడగానే జింకు సల్ఫేటుకి పరిగెడతాం. అదే కొట్టుకి.

ఇక తమరి జలవిహారం సంగతి. మొన్న ఒక మడిలో దమ్ము చూశాను. ట్రాక్టరు ఇనుప కేజ్ చక్రాలు తిరిగి మడంతా చిక్కటి బురదనీళ్లయింది. మీ గుళికలు అప్పటికే చల్లేశారు. సాయంత్రానికి నీళ్లెక్కువయ్యాయని పారతో గట్టుకి గండి కొట్టారు. కరిగినవారు కరిగి, మట్టిని అంటుకున్నవారు అంటుకుని, మీరంతా బోదెలోకి, అక్కణ్నుంచి డ్రెయిన్లోకి. ఛార్జీలు మావి, షికారు మీది.

కెనడాలోని ఒంటారియోలో 1973లో ఒక సరస్సుకి, పెళ్లిపీటల మధ్య అడ్డుతెర పట్టినట్టు, మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టారు. రెండు వైపులా నత్రజని, కర్బనం వేశారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. పచ్చగా నాచు కమ్మింది ఆ ఒక్క వైపే. నత్రజనిని గాలిలోంచి లాక్కునే నాచులున్నాయి, భాస్వరం మాత్రం ఎవరో ఒకరు పోస్తేనే వస్తుంది. మేమున్నాం కదా.

మీ బిరుదులోని 46 ఫాస్ఫేటు లెక్క. అసలు భాస్వరం మీలో సుమారు 10 కిలోలు. అందులో నూరో వంతు, అంటే 100 గ్రాములు జారితే చాలు. లీటరుకు 0.03 మిల్లీగ్రాములంటేనే నిలవ నీరు పచ్చబడడం మొదలవుతుంది కాబట్టి, ఆ గుప్పెడు 33 లక్షల లీటర్లకు సరిపోతుంది. ఇంత పొదుపరి మా ఇంట్లో కూడా లేరు.

డ్రెయిన్లో గుర్రపు డెక్క మీ ధర్మాన మూడు పూటలా మేస్తోంది. కింద నీటికి గాలి ఆడదు, చేప బతకదు. గాలి ఆడని బురదలో ఇనుము పట్టుకున్న భాస్వరం కూడా విడిపోయి మళ్లీ పైకొస్తుంది. అంటే ఈ ఏడు మేం మిమ్మల్ని వేయకపోయినా డెక్కకు భోజనానికి లోటుండదు. వానొస్తే నీళ్లు కదలక మా మళ్లే మునుగుతాయి.

కేసు పెడదామంటే సెక్షన్ లేదు. ఫ్యాక్టరీ నదిలోకి వదిలే నీళ్లలో కరిగిన ఫాస్ఫేట్లు, భాస్వరం లెక్కన, లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని రూలుంది. మడి గండికి ఏ రూలూ లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో నైట్రేటుకి 45 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు, ఫాస్ఫేటు ఊసే లేదు. అటు కొండవీటి వాగు కొండవీడు వైపు పొలాల నీళ్లు మోసుకొచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుపుతుంది. ఆ కృష్ణ నీళ్లే బెజవాడ కుళాయిల్లోకి. మిమ్మల్ని అడిగే నాథుడేడీ?

మానేయమని నా మనవి కాదు. భాస్వరం లేనిదే వేరు సాగదు, పిలక పుట్టదు. కార్డులో "తక్కువ" అన్న పొలానికి దర్జాగా వెళ్లండి, "ఎక్కువ" అన్నచోట కాస్త బిగుసుకోండి. దమ్ములోనే దిగండి. నీళ్లు తేరేదాకా గండి కొట్టొద్దని మావాళ్లకి మీ గోనె మీదే పెద్దక్షరాల్లో రాయించుకోండి. వ్యవసాయాధికారి మాట కన్నా కొట్టాయన మాట చెల్లే ఊరు మాది, మీ మాటయితే ఇంకా చెల్లుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
డ్రెయిను పక్క కౌలు రైతు

తా.క.: పోయినేడు పొక్లెయిన్ పెట్టి తీసిన పూడిక గట్టు మీదే పోశారు. మొన్నటి వానకి అదంతా మళ్లీ డ్రెయిన్లోకి దిగింది. దాన్ని తీయడానికి కొత్త టెండరు పిలిచారట.