సవరణ: స్పియర్‌మన్ ‘జి’ యంత్రాలకు కొలబద్ద కాదు

యంత్రాల తెలివి గురించి ఇంతకుముందు రాసినదానిలో, బ్రిటిష్ మనస్తత్వవేత్త స్పియర్‌మన్ గురించి ‘1904లో చార్లెస్ స్పియర్‌మన్ సాధారణ ప్రజ్ఞను కనుగొన్నాడు’ అనే వాక్యం ఉంది. దాన్ని ఇలా చదువుకోవాలి: ‘బడిపిల్లల మార్కుల్లో ఒక పొందికను గమనించి, వాటి వెనుక ఒక ఉమ్మడి అంశం ఉందని ప్రతిపాదించాడు.’

రెంటికీ చాలా తేడా ఉంది. ఫ్రెంచిలో ముందున్న పిల్లలు లెక్కల్లోనూ, చివరికి స్వరాల తేడా పట్టడంలోనూ ముందుండే ధోరణి ఆయనకు కనిపించింది. ఆ ఉమ్మడి అంశానికి పెట్టిన పేరే ‘జి’. అది ఆ పిల్లల మధ్య తేడాల నుంచి రాబట్టిన గణాంకం. ఒకే ఒక్క మనిషిని కూర్చోబెట్టి దాన్ని లెక్కకట్టలేం. మెదడులో ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించనూ లేం.

యంత్రాలకు దాన్ని అంటగట్టడంలో చిక్కు ఇక్కడే. 1997లో చదరంగంలో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్‌కు పులి-మేక ఆట కూడా రాదు. మనుషుల్లో ఒక నేర్పు మరో నేర్పుకు ఆనవాలు అవుతుంది. యంత్రంలో ఆ హామీ లేదు.

యంత్రాల వరకు నేను కృత్రిమ మేధ పరిశోధకుడు ఫ్రాన్స్వా షోలే 2019లో ఇచ్చిన నిర్వచనం వైపే మొగ్గుతాను: తెలియని పనిని ఎంత కొద్ది అనుభవంతో నేర్చుకోగలదన్నదే ప్రజ్ఞ. రంగుగడుల ఉదాహరణలు రెండో మూడో చూపించి, వాటి వెనుక నియమాన్ని పట్టుకోమంటుంది ఆయన పరీక్ష. అందులో బట్టీ పెద్దగా అక్కరకు రాదు.