హస్కీకి గుండు కొట్టించమన్న మహానుభావుడికి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట టెన్త్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. ఆ తర్వాత మా పెద్దమ్మ కొడుకు విడిగా పంపించాడు, "నీ కుక్క గురించేరా, చదువు" అని. నిన్న తెల్లవారుజామున వీఆర్సీ గ్రౌండ్‌లో నడుస్తుంటే ఒకాయన నన్నాపి మరీ ఫోన్ తీసి చూపించాడు. "సైబీరియన్ హస్కీ గురించి మీకు తెలియని ఏడు నిజాలు." పైన మంచులో నిలబడ్డ నీలికళ్ల కుక్క ఫొటో, కింద "పది మందికీ పంపండి". ఇది రాసినాయన హస్కీని ఆ ఫొటోలో తప్ప చూసి ఉండడు.

నా దగ్గర ఒకటుంది. మా మేనల్లుడు మద్రాసు నుంచి తెచ్చి, బెంగళూరులో ఉద్యోగం రాగానే నా మెడకు చుట్టి పోయాడు. పేరు మంచు. నెల్లూరులో ఆ పేరు పెట్టినప్పుడే వాడి తెలివి నాకు అర్థం కావాల్సింది.

మొదటి నిజమట: తోడేలుకీ కుక్కకీ పుట్టింది కాబట్టే కళ్లు నీలం. పెద్ద తోడేలు కళ్లు పసుపు రంగులో ఉంటాయి. నీలంగా ఉండేది పుట్టిన కొత్తలో కూనలకే. హస్కీ కళ్లకు ఆ రంగు జన్యువుల్లో వచ్చిన మార్పు వల్ల వచ్చింది. గోధుమ రంగు కళ్ల హస్కీలూ ఉన్నాయి. మా మంచుకి కుడి కన్ను నీలం, ఎడమది గోధుమ. అంటే కుడివైపు తోడేలు, ఎడమవైపు కుక్క కాబోలు.

రెండోది, రష్యా చక్రవర్తుల కోటల్లో పెరిగిన పురాతన రాజజాతి. కోటా లేదు, రాజూ లేడు. సైబీరియా ఈశాన్య కొసన సీల్‌లను వేటాడుకుంటూ, రెయిన్‌డీర్లను మేపుకుంటూ బతికిన చుక్చీలు మంచుబండి లాగడానికి పెంచుకున్న కుక్క ఇది. 1908లో ఒక వ్యాపారి వీటిని అలాస్కాలోని నోమ్ ఊరికి తెస్తే, అక్కడి భారీ కుక్కలకు అలవాటుపడ్డ జనం "సైబీరియా ఎలుకలు" అని నవ్వారు. 1910 మంచుబండ్ల పందెంలో ఆ ఎలుకలే గెలిచాయి. 1925లో అదే నోమ్‌లో పిల్లలకు డిఫ్తీరియా సోకితే, 20 మంది బండ్లవాళ్లు, 150 దాకా కుక్కలు వంతులవారీగా 1,085 కిలోమీటర్లు మందు మోసుకొచ్చారు, ఐదున్నర రోజుల్లో. అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన దారి సెప్పాలా అనే ఆయన నడిపిన బండిది. ముందు పరిగెత్తిన టోగోకి అప్పటికి 12 ఏళ్లు. ఇంత గొప్ప కూలికుక్కకు దొంగ రాజవంశం అంటగట్టడం ఎందుకో!

జాతి పురాతనమన్న మాట మాత్రం నిజం. 2004లో కుక్కల డీఎన్ఏ పోల్చి చూసినప్పుడు తోడేళ్లకు దగ్గరగా తేలిన కొద్ది జాతుల్లో హస్కీ ఒకటి. దగ్గరి చుట్టం అంటే కన్నకొడుకని కాదు కదా.

మూడోది, ఇంటికి మంచి కాపలా. మా ఇంటికి మొదటిసారి వచ్చిన సిలిండర్ అబ్బాయి గేటు దగ్గర బిక్కచచ్చి నిలబడితే, ఇది వెళ్లి అతని కాళ్ల దగ్గర వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. దొంగొస్తే బీరువా ఎక్కడుందో కూడా చూపిస్తుంది. మొరగడం తక్కువ, ఊళ పెట్టడం ఎక్కువ. అర్ధరాత్రి అంబులెన్స్ వెళ్తే పక్కింటి ముసలమ్మ లేచి కూర్చుని దండం పెట్టుకుంటుంది.

ఇక నాలుగోది. నేనిది రాయడానికి కారణం ఇదే. "వేసవిలో నున్నగా గుండు కొట్టించి డాబా మీద వదిలేయండి. నెలలో మన ఎండకు అలవాటు పడిపోతుంది."

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు తరతరాలుగా ఇక్కడే ఉంది, దానికే అలవాటు కాలేదు.

హస్కీ బొచ్చు రెండు పొరలు. లోపల ఉన్నిలాంటి మెత్తటిది, పైన పొడుగ్గా గరుకైనది. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. గుండు కొట్టిస్తే పోయేది ఆ గొడుగు. మనకు పట్టినట్టు కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడమే దాని చెమట. ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడేది. సముద్రం పక్కన ఈ ఉక్కలో మన చొక్కాలే ఆరవు, దాని నాలుక ఏం ఆరుతుంది?

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసిన విద్య కాదు. మొదటి వేసవిలో నేనూ గుండు కొట్టించాను. పన్నెండొందలు తీసుకున్నాడు, పైగా "ఇప్పుడు చూడండన్నా, ఎంత హాయిగా ఉందో" అన్నాడు. మూడో రోజుకి వీపు ఎర్రగా కమిలి పొట్టు లేచింది. ఆ వారమే ట్యాంకు మూత చూద్దామని డాబా ఎక్కితే నా వెంట వచ్చింది. పదకొండున్నర. పావుగంట కాలేదు, కాళ్లు తడబడుతున్నాయి, నాలుక వంకాయ రంగుకి తిరిగింది, నోట్లోంచి జిగురులాంటి చొంగ. కిందికి మోసుకొచ్చి కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్లొచ్చాయి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు కదా! మా ఆవిడ బోరు దగ్గరికి పరిగెత్తి బిందెలతో తెచ్చి పోస్తుంటే నేను టేబుల్ ఫ్యాన్ పెట్టాను. డాక్టర్ దగ్గర చూస్తే అప్పటికీ 106 డిగ్రీలు. మామూలుగా 102 దాకా ఉండాలి. బతికింది. తుంటి మీద అరచేతి మేర బొచ్చు మాత్రం ఏడాదిన్నర దాకా మొలవలేదు.

కాబట్టి అయ్యా, అలవాటు చేయాలనుంటే ముందు మీరు గుండు కొట్టించుకుని, చెప్పులు విప్పి, స్వెటర్ వేసుకుని డాబా మీద కూర్చోండి. నెల తర్వాత మాట్లాడుకుందాం. కుక్కనైతే దువ్వెనతో రోజూ దువ్వి, ఊడే లోపలి ఉన్నిని తీసేయండి. నడక తెల్లవారుజామున ఐదింటికే ముగించండి. వడదెబ్బ తగిలితే నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే బిగిస్తుంది. ఆ పైన డాక్టర్.

ఐదోది, తక్కువ తింటుందట. దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నా గానీ, నిజం. కొద్దిపాటి తిండితో చాలా దూరం బండి లాగాలని చుక్చీలు తయారు చేసిన ఒళ్లది. మా ఎదురింటి లాబ్రడార్ తినేదాంట్లో సగం కూడా తినదు. తిండి ఖర్చుకి భయపడి ఎవరూ మానుకోనక్కర్లేదు. కరెంటు బిల్లు చూసి మానుకోండి.

ఆరోది ఆ బిల్లు సంగతే: ఏసీ గదిలో పెడితే ఇంకే ఇబ్బందీ ఉండదు. రోజంతా పరిగెత్తడానికి పుట్టినదాన్ని పది అడుగుల గదిలో పెడితే అది పరుపు చించుతుంది. మావి రెండయ్యాయి. తలుపు ఓరగా ఉంటే చాలు, వీధి చివర తేలుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్లి తడి బండల మీద నాలుగు కాళ్లూ చాపి పడుకుంటుంది. అప్పుడిక ఇంట్లో ఎవరికీ స్నానం లేదు. "మరి నువ్వెందుకు ఉంచుకున్నావ్?" అంటారు. మేనల్లుడు తీసుకెళ్లడు, ఇంకొకరికి ఇద్దామంటే వాళ్లూ డాబానే చూపిస్తున్నారు.

ఏడోది, నీలికళ్ల కుక్క ఇంట్లో ఉంటే నరదిష్టి తగలదు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టుకోండి. దానికి ఏసీ అక్కర్లేదు.