వెనక మోత వచ్చిందంటే హౌసింగ్ పోయినట్టేనా?

లోడు బండ్ల డ్రైవర్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. "బండి వెనక మోత వస్తే హౌసింగ్ పోయినట్టే. 90 నంబర్ తీసేసి 140 ఆయిల్ పోయండి. తగ్గకపోతే పినియన్ నట్టు ఒక చుట్టు బిగించండి. అప్పటికీ తగ్గకపోతే పినియన్ ఒక్కటే మార్చండి, క్రౌన్ జోలికి పోవద్దు. ఏదీ కుదరకపోతే అలాగే తిప్పండి, ఏం కాదు." బొలెరో పికప్ అయినా, యోధ అయినా, దోస్త్ అయినా అన్నిటికీ ఇదే మందట. హౌసింగ్ అంటే వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా. ప్రొపెల్లర్ షాఫ్టు దాని లోపలి చిన్న గేరును (పినియన్) తిప్పితే, అది పెద్ద గేరును (క్రౌన్) తిప్పి చక్రాలను నడుపుతుంది. 90, 140 అనేవి ఆయిల్ చిక్కదనం నంబర్లు. ఇక ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"మోత వస్తే హౌసింగ్ పోయినట్టే"

అసలు తప్పు ఇక్కడే మొదలవుతుంది. హౌసింగ్ విప్పే ముందు మోత ఎప్పుడు వస్తోందో చూడాలి. ఖాళీ రోడ్డు మీద 50–60 వేగంలో యాక్సిలరేటర్ తొక్కి చూడండి, వదిలి చూడండి, వేగం పెరక్కుండా తగ్గకుండా పట్టి చూడండి. తొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే ఊళ పెడితే క్రౌన్-పినియన్ పళ్ల మీద అనుమానం. తొక్కినా వదిలినా పెద్దగా మారకుండా, వేగంతో పాటు పెరిగే గరగర అయితే అది బేరింగో టైరో.

ఆ రెండింటినీ విడదీయడం కష్టమేమీ కాదు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే మోత మారిపోతే టైరు. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు వేసి చూడండి, మోత వాటితోనే జరుగుతుంది. బేరింగ్ మోత రోడ్డు మారినా మారదు. బండిని కొద్దిగా కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే ఎడమ చక్రం బేరింగ్ చూడాలి. పినియన్ బేరింగ్ గొంతు వేరు. గేరు నిష్పత్తి 4 అనుకుంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పినియన్ నాలుగు చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని శబ్దం సన్నగా, రుయ్‌మని వస్తుంది. తిన్నగా వెళ్తుంటే ఏమీ లేకుండా మలుపులోనే టకటకలాడితే, రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరిగేలా చేసే లోపలి చిన్న గేర్లు. తిన్నని దారిలో అవి ఒకదాని మీద ఒకటి తిరగవు.

క్లచ్ వదలగానే ఒక్కసారి టక్కుమంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (షాఫ్టు చివర్లలోని కీళ్లు) చూడండి. చక్రాలకు రాళ్లు పెట్టి, బండి న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. క్రాసు కప్పుల చుట్టూ కుంకుమ చల్లినట్టు సన్నటి ఎర్ర తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయిందని లెక్క. కమాన్ బుష్‌లు, వదులైన యు-బోల్టులు కూడా అచ్చం ఇలాగే కొడతాయి. వీటిలో దేనికీ హౌసింగ్ విప్పే పని లేదు.

"140 ఆయిల్ పోయండి"

చిక్కటి ఆయిల్ శబ్దాన్ని కొంచెం కప్పుతుందంతే. పెచ్చులూడిన బేరింగ్ అలాగే అరుగుతూనే ఉంటుంది. కంపెనీ పుస్తకంలో 85డబ్ల్యు-140 అని ఉంటే అదే పోయాలి, 80డబ్ల్యు-90 అని ఉంటే అదే. నంబర్ ఒక్కటే చూస్తే చాలదు. క్రౌన్-పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి బాగా జారతాయి కాబట్టి డబ్బా మీద జీఎల్-5 అని (గేరు ఆయిల్ రకం) ఉండాలి. గేరుబాక్సు కోసం తెచ్చిన జీఎల్-4ను "90 నంబరే కదా" అని ఇందులో పోస్తే పళ్లు త్వరగా అరుగుతాయి.

ముందు ఆయిల్ తగ్గిందేమో, తగ్గితే ఎందుకో చూడండి. సమంగా ఉన్న నేల మీద ఫిల్లర్ ప్లగ్ విప్పితే, ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. పొలం దారుల్లో తిరిగే బండికి హౌసింగ్ పైనున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) బురదతో మూసుకుపోతుంది. లోపల వేడికి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీలు దాటి బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. అప్పుడు హౌసింగ్ ఎండుతుంది, బ్రేకూ పట్టదు. బ్రీదర్ తీసి డీజిల్‌లో కడిగి, గాలి కొట్టి బిగించడం పది నిమిషాల పని.

పాత ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని వేళ్ల మధ్య రుద్దండి. కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. గోటికి తగిలే పెచ్చులు, ముక్కలు ఉంటే విప్పక తప్పదు.

"పినియన్ నట్టు బిగించండి"

ఇది అన్నిటికన్నా ప్రమాదం. చాలా హౌసింగుల్లో రెండు పినియన్ బేరింగుల మధ్య నలిగే స్లీవ్ ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలిగి, బేరింగుల మీద ఉండాల్సిన బిగువు కుదురుతుంది. ఇంకో చుట్టు తిప్పితే బిగువు మితిమీరి బేరింగులు కాలిపోతాయి. తర్వాత నట్టు వదులు చేసినా నలిగిన స్లీవ్ తిరిగి సాగదు, కొత్తది వేయాల్సిందే. పినియన్‌కు షాఫ్టును కలిపే ఫ్లాంజి చేత్తో ఊగుతోందంటే బేరింగ్ అరిగింది, నట్టు బిగిస్తే అరిగిన లోహం తిరిగి రాదు.

"పినియన్ ఒక్కటే మార్చండి"

క్రౌన్, పినియన్ జంటగా కలిపి నూరి తయారు చేస్తారు, చాలా సెట్ల మీద జత నంబరు కూడా ఉంటుంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే మొదటి రోజే ఊళ. సెట్టు మార్చినా షిమ్ము (సందు సరిచేసే పలచటి రేకు) కొలత, పళ్ల మధ్య ఆట సరిచూడకపోతే అదే కథ. ఆట సాధారణంగా 0.15–0.25 మిల్లీమీటర్లు, మీ బండి పుస్తకంలోని అంకే ఖాయం. దాన్ని డయల్ గేజీతో కొలవాలి, చేత్తో ఊపి చెప్పేది కాదు. పళ్లకు రంగు పూసి తిప్పినప్పుడు ముద్ర పంటి మధ్యలో పడాలి. బేరింగ్ క్యాపులు విప్పే ముందు కుడి, ఎడమ పంచుతో గుర్తు పెట్టండి, అవి తారుమారైతే సరిగ్గా కూర్చోవు.

"అలాగే తిప్పండి"

పినియన్ బేరింగ్ ఆడుతుంటే పినియన్ జరుగుతుంది, పన్ను విరుగుతుంది. విరిగిన ముక్క పళ్ల మధ్య ఇరుక్కుంటే లోడుతో వెళ్తున్న బండి వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. బండి లేపి పరీక్షించేటప్పుడు కూడా రెండు వెనక చక్రాలూ స్టాండ్ల మీదే ఉండాలి. ఒక్కటే లేపి గేరు వేస్తే లేచిన చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది, నేల మీదున్న చక్రం కాస్త లాగినా బండి జాకీ మీంచి దూకుతుంది.

కొత్త సెట్టు వేశాక మొదటి 25–30 కిలోమీటర్లు ఖాళీగా తిప్పి, బండి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. 800 కిలోమీటర్ల దాకా పెద్ద లోడు వద్దు. ఆ తర్వాత ఆయిల్ దించి కొత్తది పోయండి, ప్లగ్ అయస్కాంతాన్ని మళ్లీ చూడండి.