టోకెన్ నంబరు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ట్రెజరీ టోకెన్ నంబరు గారికి,

ఆర్మూరు దగ్గరి పల్లె నుంచి బీకాం కంప్యూటర్స్ పాసై, పాసైనట్టు చూపించుకునే కాగితం మాత్రం చేతికి రాని ఒక బీసీ విద్యార్థిని నమస్కరించి రాసుకునే విన్నపం.

తమరు క్షేమమని తెలుసు. స్కాలర్‌షిప్ వెబ్‌సైటు ఈపాస్‌లో నా అప్లికేషన్ నంబరు కొట్టినప్పుడల్లా అదే గడిలో, అదే తేదీ పక్కన, ఇస్త్రీ నలగకుండా కూర్చుని దర్శనమిస్తున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం కాలేజీకి కట్టాల్సిన నా సెకండియర్ ఫీజు బిల్లుకు, ట్రెజరీ ఇచ్చిన నంబరుగా పుట్టారు తమరు. నేను ఫైనలియర్ చదివాను, ప్రాజెక్ట్ రాశాను, పరీక్షలు రాశాను, పీజీ ఎంట్రెన్స్ రాశాను. తమరు మాత్రం ఆ గడి దాటలేదు. అంత నిలకడ మనుషుల్లో చూడలేదు నేను.

మొన్న మన ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు కదా, ఆ ముచ్చటే ఈ ఉత్తరానికి కారణం. డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎంకాం సీటొచ్చింది. రిపోర్ట్ చేయాలంటే టీసీ, మెమోలు ఒరిజినల్స్ కావాలి. కాలేజీ ఆఫీసు రూముకు పోయాను. అక్కడి సారు కంప్యూటర్ తెరిచి తమరిని నాకు చూపించారు. నేను ఫోన్ తెరిచి తమరిని ఆయనకు చూపించాను. ఇద్దరం కాసేపు తమరిని చూస్తూ ఉండిపోయాం.

"టోకెన్ పడ్డదమ్మా, పైసలు పడలే. నువ్వు కట్టి సర్టిఫికెట్లు తీస్కపో. గవర్నమెంట్ ఇచ్చినంక నీ పైసలు నీకిస్తం."

"ఎప్పుడిస్తరు సార్?"

"వాళ్లిచ్చినప్పుడు."

లంచ్ తర్వాత ప్రిన్సిపాల్ సారొస్తే మాట్లాడుకొమ్మన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. లంచ్ అయిపోయింది. నాలుగయింది. ఊడ్చే అక్క వచ్చి కాళ్లు పైకి పెట్టుకోమంది. ప్రిన్సిపాల్ సారు ఆ రోజు రారని అందరికంటే ముందు ఆమెకే తెలుసు.

తిరుగు బస్సులో కండక్టరమ్మ నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టింది. దాని మీద సున్నా అని రాసుంది. అయినా బస్సు కదిలింది, నన్ను ఆర్మూరులో దింపింది. తమరి మీద వేలు రాసున్నాయి. ట్రెజరీలో ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి కూడా తమరు నన్ను దాటించలేదు.

అసలు తమరేమిటో నాకు అర్థం కావడం లేదు టోకెన్ గారూ. డబ్బులా? అయితే కాలేజీ తీసుకోవాలి కదా. డబ్బులు కాదా? అయితే టోకెన్లు ఇచ్చేశామని చెప్పి ఫీజుల లెక్క ఒడిసిపోయినట్టు మాట్లాడతారెందుకు? 2025లో ప్రైవేటు కాలేజీలు కలిసి బంద్‌కు దిగినప్పుడు పేపర్లో చదివాను. మొత్తం బకాయిలు వేల కోట్లు, అవి తర్వాత చూసుకుందాం, ముందు టోకెన్లు ఇచ్చిన 1,200 కోట్లన్నా ఇవ్వండి అని అడిగాయి మేనేజ్‌మెంట్లు. అంటే తమరి బంధువర్గం అంత పెద్దదన్నమాట! నేను ఒక్క నంబరు పట్టుకుని ఏడుస్తున్నాను, అక్కడ పన్నెండు వందల కోట్ల రూపాయల నంబర్లు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కో నంబరు వెనక ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లగాడు, ఒక్కో ఆఫీసు రూము బెంచీ.

శాంక్షన్ అయింది అన్నప్పుడు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. బిల్లు ట్రెజరీకి పోయింది అన్నప్పుడు చెప్పాను. టోకెన్ పడింది అన్నప్పుడైతే అమ్మ పక్కింటి వాళ్లకు కూడా చెప్పింది. ఇన్ని శుభవార్తలు విన్న ఇంట్లో ఇప్పటిదాకా ఒక్క రూపాయి చప్పుడు లేదు. బిల్లు ఈ-కుబేర్‌కు, అంటే డబ్బు పంపే రిజర్వు బ్యాంకు సిస్టమ్‌కు, పోయిందని ఒకరంటారు, పోలేదని ఒకరంటారు. సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితే "మా దగ్గర అయిపోయింది, ట్రెజరీలో అడుగు" అన్నారు. ట్రెజరీలో అడిగితే "మా దగ్గర కూడా అయిపోయింది, హైదరాబాద్‌లో క్లియర్ చెయ్యాలె" అన్నారు. అందరి దగ్గరా అయిపోయింది. కాలేజీ దగ్గర మాత్రం కాలేదు.

ఇక గారూ గీరూ అనడం నావల్ల కాదు, నువ్వే అంటాను.

నీకోసం నేను ఏమేం నిరూపించుకున్నానో గుర్తుందా? మేము బీదవాళ్లమని మీసేవలో నిరూపించాను. ఊళ్లో వాళ్లకయితే ఏడాదికి లక్షన్నర లోపు, టౌన్ వాళ్లకయితే రెండు లక్షల లోపు ఉండాలట ఆదాయం. మా అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న ఆటో నడుపుతాడు, ఇద్దరి సంపాదన ఆ గీత దాటుతుందేమోనని తహసీల్దార్ ఆఫీసుకు మాకన్నా ఎక్కువ ఆశ! కులం నిరూపించాను. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటే ఆధార్‌లో వెనకుంది, ఇద్దరూ ఒకరేనని నిరూపించాను. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందని నిరూపించాను. ఆఖరికి వేలిముద్ర పెట్టమన్నారు. సెలవుల్లో అమ్మతో కూర్చుని తునికాకు కత్తిరించి కత్తిరించి నా వేళ్లు కూడా అరిగాయి. మిషన్ తీసుకోలేదు. పనిచేసి అరిగిన వేలు పనికిరాదట, పేదరికం సర్టిఫికెట్ మాత్రం కావాలట. చెయ్యి కడుక్కుని రా, నూనె రాసుకుని రా అని మీసేవ అన్న తిప్పి తిప్పి చివరికి ఎడమచేతి ఉంగరం వేలు దగ్గర మిషన్ ఒప్పుకుంది.

రెన్యువల్‌కు 75 శాతం అటెండెన్స్ ఉండాలన్నారు. డెంగీ వచ్చినప్పుడు కూడా లెక్క చూసుకుంటూ పడుకున్నాను. గంట లేటైతే ప్రెజెంట్ పడదు మాకు. నీ అటెండెన్స్ ఎవరు రాస్తున్నారు? నువ్వు ఏ రోజు ఏ టేబుల్ మీద ఉండాలో, ఎన్ని రోజుల్లో క్లియర్ కావాలో, కాకపోతే ఎవరిని అడగాలో ఏ నోటీసు బోర్డులో అతికించారు? నేను ఒక్క జిరాక్స్ తక్కువ పెడితే అప్లికేషన్ వెనక్కి వచ్చింది. నువ్వు ఏళ్లకేళ్లు రాకపోతే వెనక్కి పంపించేది కూడా నన్నే.

కాలేజీ వాళ్లను మరీ అనను. అంటే, అంటాను, కొంచెం. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారానికే మా వాకిట్లో ఇద్దరు లెక్చరర్లు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ "స్కాలర్‌షిప్ మీద సీటు, మీరు ఒక్క రూపాయి కట్టేది లేదక్కా, బస్సు కూడా ఫ్రీ" అని అమ్మకు చెప్పారు. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు కూడా వాళ్లే పెట్టిచ్చారు, ఎంత సాయం! జాయినయ్యే రోజు టెన్త్ మెమో, ఇంటర్ మెమో తీసుకుని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ప్రభుత్వం ఫీజు ఇవ్వకపోతే మేమే కడతామని దాని సారాంశం. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలి తప్ప దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ నోటిఫికేషన్ ఫోన్‌లో తీసి సారుకు చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా చదివి, "ఫోన్లల్ల అన్నీ ఉంటయమ్మా" అన్నారు.

కానీ అదే రోజు మా అకౌంట్స్ మేడమ్ మెట్ల దగ్గర కనబడింది. జీతం వచ్చి నెలలు దాటిందట. మీ ఫీజులు వస్తేనే మాకు అని నవ్వింది. ఆమె కూడా నీకోసమే చూస్తోంది. మాకు జర్నల్ ఎంట్రీలు నేర్పింది ఆమే. రావలసిన డబ్బును ఆస్తి వైపు రాయాలని చెప్పింది. రానే రాకపోతే మొండి బాకీ కింద ఎప్పుడు రాయాలో కూడా చెప్పింది. నిన్ను ఏ వైపు రాయమంటావు?

అటు ఆంధ్రలో చదివే స్నేహితురాలికి ఫోన్ చేసి ఏడిస్తే అది ఇంకో కథ చెప్పింది. అక్కడ కొన్నాళ్లు డబ్బును తల్లి ఖాతాలో వేశారు, తల్లి తీసుకెళ్లి కాలేజీలో కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. ఖాతా ఎవరిదైనా హాల్ టికెట్ దగ్గర ఆపేది మాత్రం పిల్లనేనట. సరే, నువ్వు ఒక్క రాష్ట్రానికే పరిమితం కాదని తెలిసి కొంచెం ఊరట.

నిన్ను పూర్తిగా తిట్టుకుందామంటే నోరు రాదు, అదే నా బాధ. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వచ్చింది. మా పెద్దనాన్న కూతురు ఆ మొదటి ఏళ్లలోనే ఇంజనీరింగ్ చదివింది. ఫీజు సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదట, ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదట. ఇవాళ ఆ అక్క జీతం మీద వాళ్లింటి స్లాబు పడింది. ఆమెను చూసే నన్ను డిగ్రీకి పంపారు. లేకపోతే ఇంటర్ అవుతూనే చాట ఒళ్లో పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. తర్వాత తర్వాత నీలో ఏం జబ్బు పుట్టిందో. ఇంజనీరింగ్‌లో పదివేల ర్యాంకు దాటితే 35,000 వరకే అన్నారు. తెలంగాణ వచ్చిన కొత్తలో, 2014లో, ఈ పథకానికి ఫాస్ట్ అని కొత్త పేరు పెట్టబోయి, 1956 ముందు నుంచి ఇక్కడున్నట్టు రుజువులు అడిగి, గొడవై, చివరికి ఆ పేరు వదిలేశారు. వదిలేయడమే మంచిదైంది. ఇవాళ ఆ పేరుతో నిన్ను పిలవాల్సి వస్తే ఎవరికైనా నవ్వాగేది కాదు.

సరే, జరిగింది విను. రిపోర్టింగ్‌కు గడువు దగ్గర పడింది. అమ్మ పొదుపు సంఘంలో అడిగి రెండేళ్ల ఫీజు తెచ్చింది. నీ సెకండియర్ ఒకటి, ఇంకా టోకెన్ కూడా పుట్టని ఫైనలియర్ ఒకటి. ముప్పై వేలు దాటింది. "కట్టెయ్యి బిడ్డా, గా టోకెన్ పట్టుకొని ఎన్ని దినాలు కూసుంటవ్" అంది. కట్టాను. సారు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, రసీదు మీద 'ఫీజు బకాయి' అని రాసిచ్చారు. ప్రభుత్వం బకాయి పడితే నా పేరు మీద రసీదు! టీసీ చేతికొచ్చింది. కండక్ట్ గుడ్ అని రాశారు దాని మీద.

ఇప్పుడు నాకు నీతో ఉన్న లెక్క చాలా చిన్నది. రేపు నువ్వు క్లియరైతే డబ్బు నా దగ్గరికి రాదు, కాలేజీ ఖాతాకు పోతుంది. అంటే ఒకే పిల్లకు, ఒకే ఏడాదికి కాలేజీ దగ్గర రెండు ఫీజులు ఉంటాయి. వచ్చినంక ఇస్తామని నోటితో చెప్పారు, రాసిమ్మంటే "నమ్మకం లేదా అమ్మా" అన్నారు. నమ్మకం లేదనే కదా సార్ మీరు నా టీసీ ఆపింది అని నోటిదాకా వచ్చింది. అప్పటికి టీసీ ఇంకా సొరుగులోనే ఉంది, అనలేదు. సంఘంలో తెచ్చిన దానికి మిత్తి నెల నెలా మా అమ్మ కడుతుంది. ఎన్ని బీడీలు చుడితే ఒక నెల మిత్తి అవుతుందో ఆమెకు నోటిలెక్క. ఆ మిత్తి ఏ శాఖ ఇస్తుంది? దానికి ఏ ఫారం? అప్‌లోడ్ సైజు ఎన్ని కేబీలు? జిరాక్స్ ఎన్ని సెట్లు? చెప్పు, అన్నీ పట్టుకొస్తాను. కావాలంటే ఎడమచేతి ఉంగరం వేలు కూడా.

ఇట్లు,
పైన చెప్పిన అప్లికేషన్ ఐడీ,
రెన్యువల్, బీకాం

తా.క.: ఎంకాంకు ఈపాస్‌లో మళ్లీ 'ఫ్రెష్' కింద పెట్టుకోవాలన్నారు. ఇన్‌కం సర్టిఫికెట్‌కు ఈ పొద్దున్నే మీసేవలో ఇచ్చాను. నీ తమ్ముడో చెల్లెలో వచ్చే ఏడాదికి పుట్టొచ్చు.