సంతకం ప్లాంటుది, ఒలిచేది కాంట్రాక్టరు మనుషులు

కొనుగోలు కంపెనీలు సరఫరాదారుల నియమావళిపై (కూలీల విషయంలో, సరుకు విషయంలో ఎలా నడుచుకోవాలో చెప్పే నిబంధనలపై) సంతకం తీసుకుంటే చాలన్నట్టు కొందరు రాస్తున్నారు. భీమవరం వైపు రొయ్యల ఎగుమతే తీసుకోండి. సంతకం పెట్టేది ప్లాంటు యజమాని, ఒలిచేది తరచూ కాంట్రాక్టరు తెచ్చిన మహిళలు. ఆడిటర్ ఒకే నెల గేటు రిజిస్టరు, మస్టరు (హాజరు పట్టీ), పీఎఫ్ చలానా పక్కపక్కన పెట్టి పేర్లు లెక్కపెట్టాలి, తేడా అక్కడే దొరుకుతుంది. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట గంటలు రాయరు, ఇక ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం ఎలా లెక్కగడతారు?

యాంటీబయాటిక్స్ సంగతీ అంతే. ఐరోపాకు వెళ్లే సరుక్కి చెరువులో రొయ్యలు పట్టకముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ల్యాబులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల పరీక్ష ఉంది. దళారి నాలుగు చెరువుల రొయ్యలు ఒకే లారీలో కలిపేశాక ఆ పరీక్ష సర్టిఫికెట్ ఏ చెరువుదని చెప్పగలం? ఏ చెరువు సరుకో తెలిపే లాట్ నంబరు చెరువు గట్టు మీదే వేయాలి. ఆడిట్ ఖర్చు కూడా సరఫరాదారు నెత్తినే వేస్తే, ముందే చెప్పి వచ్చే ఆడిటర్లే దొరుకుతారు లెండి.